కోనసీమ యాత్ర: లాకుల నుంచి సంగమం దాకా

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ అనే రెండు పెద్ద పాయలుగా చీలి సముద్రం వైపు సాగిపోగా, ఆ రెండింటి నడుమ బంగాళాఖాతం ఒడ్డు దాకా పరుచుకున్న ఒండ్రు నేలకు కోనసీమ అని పేరు. వసిష్ఠ నుంచి గన్నవరం దగ్గర విడివడిన వైనతేయ పాయ ఈ నేలను మళ్లీ రెండుగా కోసి ఓడలరేవు వద్ద సముద్రంలో కలుస్తుంది కాబట్టి, అమలాపురం, కొత్తపేట ఒక దీవిలోను, రాజోలు మరొక దీవిలోను ఉన్నట్టే లెక్క. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా ప్రత్యేక జిల్లా ఏర్పడి, అదే ఏడాది ఆగస్టులో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అనే పేరు పొందింది. గౌతమికి అవతలి ఒడ్డున ఉన్న ద్రాక్షారామం, కోటిపల్లి కూడా ఇప్పుడు ఈ జిల్లా పరిధిలోకే వస్తాయి.

ఈ ప్రాంతాన్ని చూడవచ్చేవారిలో ఎక్కువమంది రాజమహేంద్రవరంలో కారు మాట్లాడుకుని, ఉదయం నుంచి రాత్రి దాకా ఆరేడు ఆలయాలు చుట్టి వెనుదిరుగుతారు. దైవదర్శనానికి ఆ పద్ధతి సరిపోతుందేమో కాని, ఆ గుళ్లూ తోటలూ రేవులూ ఎందుకు అక్కడే వెలిశాయో దానివల్ల బోధపడదు. నీరు ఎగువ నుంచి దిగువకు వెళ్లే క్రమంలోనే, అంటే ఆనకట్ట దగ్గర మొదలుపెట్టి సముద్ర సంగమం దగ్గర ముగిసేలా, కనీసం మూడు రోజుల ప్రయాణం వేసుకున్నవారికి కోనసీమ తన లెక్కలో తాను అర్థమవుతుంది. కొబ్బరి తోటలను చూసి దీన్ని కేరళతో పోల్చడం పరిపాటి. అయితే కేరళలో పర్యాటకులు పడవల్లో తిరిగేది ప్రధానంగా తీరం వెంట సహజంగా ఏర్పడిన ఉప్పుటేళ్లలో, సరస్సుల్లో కాగా, కోనసీమ పచ్చదనంలో సగం మనుషులు తవ్విన కాలువల పుణ్యమే.

మొదటి రోజు: ధవళేశ్వరం నుంచి రావులపాలెం

యాత్ర సాంకేతికంగా కోనసీమకు బయట ఉన్న ధవళేశ్వరంలోనే మొదలుకావాలి. సర్ ఆర్థర్ కాటన్ 1847లో ఇక్కడ ఆనకట్ట పని ప్రారంభించగా 1852 నాటికి అది పూర్తయింది. ఇరవయ్యో శతాబ్దం చివరి దశాబ్దాల్లో దాని స్థానంలో ఇప్పటి బ్యారేజి వచ్చింది. ఇక్కడి కాటన్ మ్యూజియంలో ఆనాటి పనిముట్లు, యంత్రాలు, నమూనాలు చూసి, బ్యారేజి మీది రోడ్డు వెంట బొబ్బర్లంక చేరితే, మధ్య డెల్టాకు, అంటే కోనసీమకు, నీరందించే ప్రధాన కాలువ మొదలయ్యే చోటు కనిపిస్తుంది.

ఆ కాలువ కొంత దూరం ప్రవహించి లొల్ల దగ్గర శాఖలుగా చీలుతుంది. అక్కడి లాకులు సినిమా చిత్రీకరణల వల్ల అందరికీ తెలిసినా, వాటి అసలు పని వేరు. లాకు అంటే కాలువకు అడ్డంగా ముందొకటి, వెనకొకటి తలుపులు అమర్చిన కట్టడం. ఎగువ నీటిమట్టంలో ఉన్న పడవను ఆ రెండు తలుపుల మధ్యకు రానిచ్చి, నీటిని మెల్లగా వదిలి దిగువ మట్టానికి దించుతారు, ఎదురు వచ్చే పడవనైతే అదే పద్ధతిలో పైకి ఎత్తుతారు. రోడ్లు, వంతెనలు లేని రోజుల్లో ధాన్యం, కొబ్బరి, ప్రయాణికులు ఈ దారినే వెళ్లేవారు కాబట్టి, ఇవాళ కాలువ గట్ల మీద కనిపించే ఊళ్ల వరుస ఆనాటి రహదారి మీది మజిలీల వరుసే.

లొల్లకు సమీపంలోని ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. జయ రకం బియ్యాన్ని నానబెట్టి, పలుచని పిండిగా రుబ్బి, అందులో తడిపిన గుడ్డను బోర్లించిన వేడి కుండ మీద ఒక్కసారి లాగితే కంటికి ఆనీఆనని రేకు వస్తుంది. ఆ రేకులను తడిగుడ్డతో మెత్తబరిచి, నెయ్యి రాసి, పంచదార పొడి గాని బెల్లం తురుము గాని చల్లి మడుస్తారు. ఇక్కడ ఇది ప్రధానంగా ఆడవారి చేతిపని, ఇళ్ల వద్దే సాగుతుంది. అడిగితే చూడనిచ్చేవారు చాలామందే ఉంటారు, అయితే చూసినచోటనే కొనడం మర్యాద.

ఇదే మండలంలోని ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం ఒకే నల్లరాతిలో ముందు వైపు విష్ణువుగా, వెనుక వైపు మోహినిగా మలచిన శిల్పం. వెనుక వైపు జడ, వస్త్రపు మడతలు అర్చకులు దీపం చూపి వివరిస్తే గాని పూర్తిగా కంటబడవు కాబట్టి, రద్దీ లేని వేళ చూసుకుని వెళ్లడం మంచిది. గౌతమి ఒడ్డున ఉన్న వాడపల్లి వేంకటేశ్వరుని ఏడు శనివారాలు దర్శించుకునే మొక్కు ఇటీవల బాగా వ్యాపించడంతో, శనివారం నాడు ఆ దారిలో వాహనాలు బారులు తీరుతాయి. మొక్కు లేనివారు మిగతా రోజుల్లో వెళ్తే నదిని కూడా స్థిమితంగా చూడవచ్చు.

రెండో రోజు: కొత్తపేట, అంబాజీపేట, అమలాపురం

జాతీయ రహదారి మీద ఉన్న రావులపాలెం కోనసీమకు ముఖద్వారం, అరటి గెలల టోకు వ్యాపారానికి పేరుపడ్డ ఊరు. అక్కడి నుంచి కొత్తపేట వైపు తిరిగితే, లింగం మీద కొప్పు ఆకారం ఉన్న పలివెల కొప్పేశ్వరాలయం, శని త్రయోదశి నాడు తైలాభిషేకాల కోసం జనం కిటకిటలాడే మందపల్లి మందేశ్వరాలయం ఒకే మండలంలో తగులుతాయి.

అంబాజీపేట కొబ్బరి వ్యాపారానికి పెద్ద కేంద్రం. చెట్టు నుంచి కాయలు కోయించడాన్ని ఇక్కడ దింపు అంటారు. దింపిన కాయ కొంత పచ్చికాయగా, కొంత లోపలే ఎండిన కురిడీగా, కొంత ఎండుకొబ్బరిగా ఉత్తర భారతం దాకా వెళ్తుంది. రాశులు పోసిన కళ్లాలు, పీచు వలిచే కార్మికుల వేగం చూడాలంటే ఉదయాన్నే చేరుకోవాలి. ఈ ఊరి పలహారం పొట్టిక్కలు: పనసాకులను పుల్లలతో గుచ్చి బుట్టలుగా కుట్టి, వాటిలో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు వాసన పట్టిన ఆ ఇడ్లీ ఉదయపు పలహార వేళ దాటితే దొరకడం కష్టం.

ఇక్కడికి చేరువలోని గన్నవరం వద్ద కోనసీమ రహస్యం ఒకే దృశ్యంలో కనిపిస్తుంది. వైనతేయకు అవతల ఉన్న నగరం అనే ఊరు, రాజోలు ప్రాంతాల దీవికి నీరు అందించడానికి, ఏకంగా నది మీదుగా కాలువను దాటించే అక్విడక్టును, అంటే నీటి వంతెనను, 1850 దశకంలో 49 కమానులతో కట్టారు. కింద నది ఒక దిక్కుకు, పైన కాలువ మరొక దిక్కుకు పారే ఈ ఏర్పాటే రాజోలు సీమను వరి పొలాల సీమగా మార్చింది. పాతదానికి తోడుగా కట్టి 2000లో ప్రారంభించిన కొత్త అక్విడక్టుకు, పందొమ్మిదో శతాబ్దంలో ఈ లంకల్లో వేళ కాని వేళ వచ్చినవారికి కూడా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ పేరు పెట్టారు.

మధ్యాహ్నం తరువాత, విద్యార్థులు కలాలను ప్రసాదంగా స్వీకరించే అయినవిల్లి సిద్ధివినాయక ఆలయం చూసి, పొద్దు వాలాక గౌతమి శాఖ అయిన వృద్ధ గౌతమి ఒడ్డునున్న మురమళ్ల చేరవచ్చు. అక్కడ భద్రకాళీ సమేత వీరేశ్వరస్వామికి నిత్యకల్యాణం జరుగుతుంది. అవివాహితులు ఆ కల్యాణం చేయిస్తే పెళ్లి కుదురుతుందని భక్తుల నమ్మకం. కల్యాణం జరిపించదలచినవారు ముందుగానే తేదీ ఖాయం చేసుకోవలసి ఉంటుంది. ఆ దారినే ఎదుర్లంక దగ్గర బాలయోగి వారధి దాటితే, 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండి ఇప్పుడు పుదుచ్చేరిలో భాగమైన యానాం వస్తుంది. చేనేత మీద ఆసక్తి ఉన్నవారు అమలాపురం పక్కనే ఉన్న బండారులంకలో మగ్గాలను, చీరలను చూసుకోవచ్చు.

మూడో రోజు: రాజోలు సీమ, అంతర్వేది

బోడసకుర్రు, పాశర్లపూడి మధ్య వైనతేయ మీది వంతెన దాటితే రాజోలు సీమ మొదలవుతుంది. కొబ్బరి వ్యాపారి మొల్లేటి రామస్వామి పూనికతో వెలసిన అప్పనపల్లి బాలబాలాజీ ఆలయం వైనతేయ గట్టునే ఉంది. అదే మామిడికుదురు మండలంలోని ఆదుర్రులో చక్రాకారపు ఇటుక పునాదితో బయల్పడిన బౌద్ధ స్తూపాన్ని పురావస్తు శాఖ రక్షిస్తోంది. ఆలయాల నడుమ దీన్ని చాలామంది వదిలేస్తారు గాని, నదీముఖాల మీదుగా సాగిన ప్రాచీన రాకపోకలకు ఇంతకంటే దగ్గరి సాక్ష్యం ఈ దారిలో లేదు.

వసిష్ఠ ఒడ్డున ఉన్న దిండిలో పర్యాటక శాఖ విడిదితో పాటు హౌస్‌బోట్లు ఉన్నాయి. రాత్రి బసకు ఇది అనువైన చోటే అయినా, సెలవు దినాల్లో గదులు ముందే నిండిపోతాయి. అక్కడి నుంచి మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది చేరితే లక్ష్మీనరసింహస్వామి ఆలయం, దీపస్తంభం, వసిష్ఠ సాగరంలో కలిసే సంగమం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఇప్పటి ఆలయాన్ని పందొమ్మిదో శతాబ్ది తొలి పాదంలో కొపనాతి కృష్ణమ్మ కట్టించారు. పాత రథం 2020 సెప్టెంబరులో కాలిపోగా, కొత్త రథం మీద మాఘమాసంలో భీష్మ ఏకాదశి నాటి రథోత్సవం సాగుతోంది. సంగమం దగ్గర నదీ సముద్రాలను వేరుచేసే ఇసుక దిబ్బను అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు. అక్కడ అడుగు లోతు కూడా నమ్మదగినది కాదు కాబట్టి, స్నానానికి స్థానికులు చూపిన చోటు దాటి పోరాదు.

తిరుగు ప్రయాణంలో సఖినేటిపల్లి రేవు నుంచి నరసాపురానికి పంటు మీద దాటవచ్చు. పంటు అంటే మనుషులతో పాటు మోటారు వాహనాలను కూడా ఎక్కించుకునే బల్లకట్టు. ముక్తేశ్వరం, కోటిపల్లి మధ్య గౌతమి మీద కూడా ఇలాంటి రేవే ఉంది. కోటిపల్లి మీదుగా వెళ్లేవారు తూర్పు చాళుక్య భీముని నాటి ద్రాక్షారామ భీమేశ్వరాలయాన్ని, దాని రాళ్ల మీది వందలాది శాసనాలను చూసుకోవచ్చు. నది పొంగినప్పుడు పంట్లను ఆపేస్తారు గనుక రేవుకు చేరకముందే విచారించుకోవాలి.

ఏ నెలలో ఏమి దొరుకుతుంది

కోనసీమలో రైతు లెక్క సార్వా, దాళ్వా అనే రెండు పంటలది. సార్వా వానాకాలపు వరి, దాళ్వా చలికాలం నుంచి ఏప్రిల్ దాకా సాగే వరి. దాళ్వా కోతల తరువాత వేసవిలో కాలువలు కట్టేస్తారు కాబట్టి, పిల్లల సెలవులు చూసుకుని మే నెలలో వచ్చినవారికి ఎండిన కాలువలే కనిపిస్తాయి. జూలై నుంచి సెప్టెంబరు దాకా వరదల కాలం. లంక గ్రామాలకు దారులు మూసుకుపోయేది అప్పుడే, సముద్రం నుంచి ఏటికెదురీది వచ్చే పులస చేప దొరికేదీ అప్పుడే. గోదావరి పులస అరుదై ధర ఆకాశాన్నంటుతున్నందున, ఇతర రాష్ట్రాల చేపను అదే పేరుతో అమ్మడం పరిపాటి అయింది. తెలిసినవారి తోడు లేకుండా హోటల్లో పులస పులుసు అడగడం సాహసమే. అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. 1996 నవంబరు 6 నాటి తుపానులో ఈ సీమ కోల్పోయిన మనుషులను, తోటలను జనం ఇంకా మరువలేదు.

మిగిలిన డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలలే యాత్రకు మేలైనవి. వాటిలోనూ కనుమ నాటి జగ్గన్నతోట ప్రభల తీర్థం ప్రత్యేకమైనది. వెదురు గడలతో కట్టి, రంగురంగుల వస్త్రాలతో అలంకరించి, శివునికి ప్రతీకగా ఊరేగించే పెద్ద నిర్మాణమే ప్రభ. అంబాజీపేట మండలం మొసలపల్లి శివారులోని ఈ తోటకు పదకొండు గ్రామాల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు భుజాల మీద వస్తాయి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు నాట్లు వేసిన పొలాల గుండా వచ్చి కౌశిక కాలువను దాటుతాయి. ప్రభ తొక్కిన చేను బాగా పండుతుందన్న నమ్మకంతో రైతులు అభ్యంతరం చెప్పరు. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ తీర్థాన్నే ప్రదర్శించింది. సంక్రాంతికి బంధువులు లేనివారికి బస దొరకడం కష్టం కాబట్టి, రాజమహేంద్రవరంలో దిగి తెల్లవారుజామున బయలుదేరడం ఉత్తమం.

ప్రయాణ సదుపాయాలు

అమలాపురానికి ఇంకా రైలు లేదు. కోటిపల్లి, నరసాపురం మధ్య రైలు మార్గం పనులు సాగుతున్నాయి. రాజమహేంద్రవరం స్టేషను, మధురపూడి విమానాశ్రయం ఎగువ కోనసీమకు, పాలకొల్లు, నరసాపురం స్టేషన్లు రాజోలు సీమకు దగ్గర. హైదరాబాదు నుంచి అమలాపురం, రాజోలులకు రాత్రి బస్సులున్నాయి. రాజమహేంద్రవరం నుంచి అమలాపురం దాదాపు 65 కిలోమీటర్లే అయినా, కాలువ గట్ల రోడ్లు ఇరుకు కాబట్టి సమయాన్ని దూరం బట్టి అంచనా వేయరాదు. మధ్యాహ్నం ఆలయాలు చాలావరకు మూసి ఉంటాయి. ఆ వేళను లాకులకు, అక్విడక్టుకు, మగ్గాలకు కేటాయించుకుంటే రోజు వృథా కాదు.

మూడు రోజులు వీలుకానివారు ఒక్క రోజులో సీమనంతా చుట్టే ప్రయత్నం మానుకుని, లొల్ల, ఆత్రేయపురం, ర్యాలి, గన్నవరం ఉన్న ఎగువ భాగాన్నో, అప్పనపల్లి, ఆదుర్రు, దిండి, అంతర్వేది ఉన్న దిగువ భాగాన్నో ఎంచుకోవడం మేలు. రెండింటిలో ఒకటే ఎంచుకోవలసి వస్తే, మొదటిసారి వచ్చేవారికి ఎగువ భాగమే తగినది. నీరు ఎలా వచ్చిందో తెలిశాక, మరోసారి వచ్చి అది ఎటు పోతుందో చూడవచ్చు.