బరువు లారీకి... భారం విఠలుడికి!

తిరుమల కొండకు నడిచి వెళ్లేవాళ్లు అలిపిరిలో సంచి అప్పగించి రసీదు తీసుకుంటారు. పైకెళ్లాక రసీదు చూపిస్తే సంచి చేతికొస్తుంది. కొన్ని గంటల నడక కాబట్టి సరిపోయింది. అదే ఇంచుమించు ఇరవై రోజుల నడకైతే? నడిచేది లక్షల మంది, దాదాపు రోజుకో ఊళ్లో మకాం, పైగా వానాకాలం. రాత్రికి పొడి దుప్పటి ఎలా దొరుకుతుంది? పండరీపురం యాత్రికుల్ని అడిగితే చెబుతారు.

జ్యేష్ఠ బహుళ అష్టమినాడు పుణె దగ్గరున్న ఆళంది నుంచి జ్ఞానేశ్వరుడి పాదుకలతో పల్లకీ బయల్దేరుతుంది. సుమారు 250 కిలోమీటర్లు నడిచి ఆషాఢ శుద్ధ దశమికి పండరీపురం చేరుతుంది. మర్నాడే తొలి ఏకాదశి. దేహూ నుంచి తుకారాం పల్లకీ మరో దారిలో వస్తుంది. ఈ యాత్రను 'వారీ' అనీ, నడిచేవాళ్లను వార్కరీలు అనీ పిలుస్తారు.

సంచి ముందు... మనిషి వెనక

వార్కరీలు చాలావరకూ 'దిండీ' అనే బృందాలుగా నడుస్తారు. ప్రతి దిండీకీ ఓ నంబరు, ఊరేగింపులో ఓ స్థానం. జ్ఞానేశ్వరుడి రథానికి ముందు 27 దిండీలుంటాయి, వెనక వందల సంఖ్యలో. అందరూ ముందుగానే తలా కొంత డబ్బు వేసుకుంటారు. దాంతోనే లారీ, గుడారాలు, వంట సామాన్లు సమకూరుతాయి. తెల్లవారకముందే గుడారాలు విప్పి, మూటలన్నీ లారీకెక్కిస్తారు. వార్కరీలు తాళాలు పట్టుకుని భజన చేస్తూ కదిలితే, లారీ తర్వాతి మజిలీకి ముందే వెళ్లిపోతుంది. సాయంత్రం వీళ్లు చేరేసరికి గుడారం లేచి ఉంటుంది, పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటుంది.

చేసంచిలో ఏముండాలి?

అయితే లారీ ప్రతిసారీ వేళకు వస్తుందన్న భరోసా లేదు. రద్దీలో ఆగిపోవచ్చు, బురదలో దిగబడొచ్చు. అందుకే ఆ పూటకు కావలసినవి ఒంటి మీదే ఉండాలి. వానొస్తే కప్పుకునే ప్లాస్టిక్ పట్టా, నీళ్లసీసా, రోజూ వేసుకునే మందులు, కాస్త డబ్బు, ఫోను, నమలడానికి ఏదో ఒకటి... అంతే. రెండు జతల బట్టలు, దుప్పటి, కంచం, గ్లాసు లారీలో వేసే మూటలోకి. బట్టల్ని ముందు ప్లాస్టిక్ కవర్లో చుట్టాలి. మూట మీద పేరు, ఊరు, దిండీ నంబరు చెరగని సిరాతో రాసుకోవాలి. చీకట్లో వందల మూటల మధ్య వెతుక్కునేటప్పుడు తెలుస్తుంది దాని విలువ! పుణె నుంచి సాస్వడ్‌కు ఒక్కరోజులో 30 కిలోమీటర్లు దాటి నడవాలి. మధ్యలో దివే ఘాట్ ఎక్కాలి. పొద్దున తేలిగ్గా అనిపించిన సంచి అక్కడికొచ్చేసరికి భుజాన్ని కోసేస్తుంది.

పోయిన వస్తువుకో పిలుపు

ఇంత జాగ్రత్తపడినా వస్తువులు పోతుంటాయి. దానికీ ఓ పద్ధతుంది. మజిలీ చేరాక దిండీలన్నీ పల్లకీ చుట్టూ నిలబడితే 'సమాజ హారతి' జరుగుతుంది. చోప్‌దారు దండం పైకెత్తగానే వేల తాళాలు ఒక్కసారిగా ఆగిపోతాయి. ఏదైనా దిండీ తాళాలు ఆపలేదంటే, వాళ్లకేదో ఫిర్యాదు ఉన్నట్టే. దాన్ని అప్పుడే విచారిస్తారు. ఆపైన పోయిన వస్తువులు, దొరికిన వస్తువుల వివరాలు చదువుతారు. మర్నాడు బయల్దేరే వేళ చెప్పి హారతిస్తారు.

దిండీలో చేరే స్తోమత లేనివాళ్లూ నడుస్తారు. వాళ్లకు లారీ ఉండదు. మూట నెత్తిన, పడక ఏ గుడి అరుగు మీదో. దారిలో ఊళ్లవాళ్లు పెట్టే అన్నమే వాళ్లకు ఆధారం. ఇక దిండీల్లో లారీ నడిపేవాళ్లకూ వంటవాళ్లకూ పల్లకీ వెంట భజన చేస్తూ నడిచే తీరికెక్కడిది? నలుగురి మూటలు మోసి, వేళకు అన్నం వండటమే వాళ్ల వారీ.

చిత్రమేమిటంటే, బట్టల మూటను లారీకెక్కించిన ఆడవాళ్లు తులసికోటను మాత్రం వంతులవారీగా నెత్తిన పెట్టుకునే నడుస్తారు. దాన్ని ఎవరూ లారీలో వేయరు. ఎందుకంటే... వాళ్ల లెక్కలో అది సామాను కాదు!