కంప్యూటరు పటములో బొమ్మల వరుస తీర్చుట

పెద్దపల్లి జిల్లా రామగిరి మండలములో సెంటినరీ కాలనీ పరిసరమున సింగరేణి బొగ్గు గనులు గలవు. బొగ్గు పొరలో దారులు త్రవ్వి, పైకప్పును మోయుటకై నడుమ బొగ్గు దిమ్మలను విడిచిపెట్టు పద్ధతి ఒకటి ఉన్నది. ఆ దారులను గ్యాలరీలనియు, దిమ్మలను పిల్లర్లనియు అందురు. ఇట్టి గని పటము చూచుటకు చదరంగపు బల్లవలె నుండును. దానిని కంప్యూటరుపై గీయునపుడు పదుల కొలది చతురస్రములను ఒక్క వరుసలో నిలుపవలసి వచ్చును. కంటితో చూచి ఒక్కొక్కదానిని జరుపుట శ్రమ. పైగా తప్పులకు తావు. ఈ పనిని కంప్యూటరు తనంతట తానెట్లు చేయునో చూతము.

ఛాయాచిత్రమును కంప్యూటరు రంగు చుక్కల సముదాయముగా దాచును. వెక్టర్ చిత్రము అట్టిది కాదు. అందులో చతురస్రమనగా దాని మూల ఎచ్చట నున్నది, భుజము పొడవెంత అను కొన్ని సంఖ్యలు మాత్రమే. గ్రాఫు కాగితముపై నిరూపకములను గుర్తించుట వంటిదే ఇది. కనుక బొమ్మను జరుపుట యనగా దాని నిరూపకమునకు ఒక సంఖ్యను కూడుటయో, తీసివేయుటయో అగును.

మూడు చతురస్రముల ఎడమ అంచులు కాగితపు అంచునుండి 12, 14, 11 మిల్లీమీటర్ల దూరమున నున్నవనుకొందము. ఎడమకు వరుస తీర్చుమని కోరగనే కంప్యూటరు వానిలో కనిష్ఠమైన 11ని గ్రహించును. మొదటి దానిని 1, రెండవదానిని 3 మిల్లీమీటర్లు ఎడమకు జరుపును, మూడవది కదలదు. వృత్తము, త్రిభుజము వంటి ఆకారములైనచో ముందుగా వాని చుట్టును సరిగా పట్టునట్టి దీర్ఘచతురస్రమును ఊహించి, దాని అంచులను లెక్కకు తీసికొనును.

ఎడములు సమానము చేయుట మరియొక పని. ఒక్కొక్కటి 30 మిల్లీమీటర్ల భుజము గల నాలుగు పిల్లర్లు 10వ మిల్లీమీటరునుండి 142వ దానివరకు ఉండవలెను. మొత్తము పొడవు 132. పిల్లర్లకు 120 పోగా మిగిలినది 12. నడుమ ఎడములు మూడు. కావున ఒక్కొక్కటి 4 మిల్లీమీటర్లు. పిల్లర్లు 10, 44, 78, 112 వద్ద ఆరంభమగును. 1:1000 కొలతబద్దలో గీసిన పటమున ఇది 4 మీటర్ల వెడల్పుగల గ్యాలరీ.

ఈ భావము నేటిది కాదు. 1963లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఐవన్ సదర్లాండ్ స్కెచ్‌ప్యాడ్ అను కార్యక్రమమును రూపొందించెను. రెండు గీతలు సమాంతరముగా నుండవలెనని అందులో ఒకమారు నియమించినచో, ఆ నియమము నెరవేరునట్లు కంప్యూటరే గీతలను సవరించెడిది. నేడు ఉచితముగా లభించు ఇంక్‌స్కేప్‌లో వరుస తీర్చుటకును, ఎడములు పంచుటకును ప్రత్యేక ఆదేశములు గలవు.

గళ్లకు అతికించుట మూడవ పద్ధతి. గళ్ల ఎడము 5 మిల్లీమీటర్లైనచో, 47 వద్ద ఉంచిన బిందువు 45కును, 48 వద్ద ఉంచినది 50కిని పోయి నిలుచును. ఒక్కొక్క దిశలో బిందువు రెండున్నర మిల్లీమీటర్లవరకు జరుగవచ్చునన్నమాట. పాఠ్యపుస్తకములోని బొమ్మకు ఇందువలన నష్టము లేదు. కాని సర్వేయరు కొలిచి గుర్తించిన గని పటమునకు ఇది ప్రమాదము.

నీరు నిలిచిన పాత త్రవ్వకములకు 60 మీటర్లలోపున అనుమతి లేక క్రొత్త త్రవ్వకము సాగరాదని మన దేశపు బొగ్గు గనుల నిబంధనలు చెప్పుచున్నవి. 1:1000 పటములో పాత త్రవ్వకపు అంచు 100 వద్దను, క్రొత్త గ్యాలరీ కొన 158 వద్దను ఉన్నవనుకొందము. నడుమ దూరము 58 మీటర్లు. గళ్లకు అతికించుటతో 158 కాస్త 160 అగును. పటములో దూరము 60 మీటర్లుగా కనబడును! గీత చక్కబడినది, సత్యము తప్పినది.

గనిలో నీటి ప్రమాదమెంత ఘోరమో ఈ ప్రాంతము ఎరుగును. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలో నీరు విరుచుకొనిపడి 17 మంది మరణించిరి. పటము యథార్థముగా నుండవలసిన అవసరమును అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రపు క్యూక్రీక్ గని చూపినది. ప్రక్కనున్న పాత గని తుది పటము అందుబాటులో లేక, 2002 జూలై 24న అచటివారు దానిలోనికి త్రవ్విరి. నీరు ముంచెత్తి తొమ్మిదిమంది చిక్కుకొనిరి. అదృష్టవశమున అందరును ప్రాణములతో బయటపడిరి.

కావున పటమును పొరలుగా విభజించి గీయుట మేలు. కొలిచిన బిందువులను ఒక పొరలో నుంచి, కదలకుండ తాళము వేయవలెను. పేర్లు, గుర్తులు, సూచికలు మరియొక పొరలో నుంచి, వానిని మాత్రమే వరుస తీర్చవలెను. ఉపాధ్యాయులు దీనిని గ్రాఫు కాగితముపైననే చూపవచ్చును. గళ్ల ఎడము 2 మిల్లీమీటర్లైనచో 158 ఎచ్చట నిలుచును? 157 విషయమేమి? 1:2000 పటములో ఒక మిల్లీమీటరు దోషము నేలలో ఎన్ని మీటర్లగును? విద్యార్థులు లెక్కించి చూడవలెను.