పాత డాడ్జికి కొత్త బ్రేకు

మా ద్రాక్షారామంలో భీమేశ్వరస్వామి తరువాత అందరూ ఎరిగినది మా డాడ్జి లారీనే కాబోలు! 1942-45 మధ్య యుద్ధం కోసం తయారైన ముప్పాతిక టన్ను బండి. నాలుగు చక్రాలూ లాగుతాయి.

ఈ వానాకాలం కొబ్బరికాయలు వేసుకుని కోటిపల్లి రోడ్డున వస్తున్నాను. రేవులోంచి గేదెలు ఎక్కాయి; వెనకాలే ఓ కుర్రవాడు. బ్రేకు తొక్కితే పెడలు నేలకంటింది! గేరు తగ్గించి, గడ్డిమేటుకు గుద్ది ఆపాను. కుర్రవాడు నవ్వాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర లేదు.

"ఇరుసులే మార్చేద్దాం బాబాయ్, డిస్కు బ్రేకులతో సహా వస్తాయి" అన్నాడు మా అన్నయ్య కొడుకు. "పాత ఇరుసులే ఉంచి డిస్కులు బిగిద్దామండి" అన్నాడు మేస్త్రి.

లెక్క వేశాను. మా ఇరుసు నిష్పత్తి 5.83. ముందూ వెనకా తేడా వస్తే, నాలుగు చక్రాలూ కలిపినప్పుడు ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి. అంచేత రెండూ మార్చాలి. కమానుకట్టల కొలతలూ, షాఫ్టుల పొడవూ సరిచూడాలి. డిస్కులు తడిసినా త్వరగా ఆరతాయి, నిజమే. కాని వాటికి ఒత్తిడి ఎక్కువ కావాలి, బూస్టరు కావాలి.

తీరా మేస్త్రి కింద దూరి చూస్తే, పగిలింది వెనక ఇరుసుకు వెళ్లే రబ్బరు గొట్టం! నాలుగు చక్రాలకూ నూనె దారి ఒక్కటే; ఎక్కడ కారినా నాలుగూ పోయినట్టే. ఆ దారి అలాగే ఉంటే డిస్కులు వేసినా, ఇరుసులు మార్చినా అదే గతి.

గొట్టాలన్నీ కొత్తవి వేయించాను. ముందు చక్రాలకొకటి, వెనక చక్రాలకొకటి దారి ఉండే జంట మాస్టరు సిలిండరు పెట్టించాను. డ్రమ్ములు పాతవే.

నిన్న అదే రేవు దగ్గర తొక్కి చూశాను. ఆగింది.