వేరుశనగ ధర, వ్యవసాయ కూలి: నాటి విలువలను నేటితో పోల్చే విధానం

చిత్తూరు, తిరుపతి జిల్లాల మెట్ట ప్రాంతాలలో వేరుశనగ గిట్టుబాటుపై చర్చ జరిగినప్పుడల్లా కూలి రేట్ల పెరుగుదల ప్రస్తావనకు వస్తుంది. అయితే రెండు కాలాల రూపాయలను నేరుగా పోల్చితే వాస్తవ భారం తెలియదు. కూలిని పంట రూపంలో కొలిచినప్పుడే పోలిక అర్థవంతమవుతుంది.

కూలికి సమానమైన పంట

గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006లో తొలి విడతలోనే ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ప్రారంభమైంది. నాడు రాష్ట్రంలో దినసరి వేతనం రూ. 80. 2006-07లో వేరుశనగ కాయల కనీస మద్దతు ధర క్వింటాలుకు రూ. 1,520. అనగా ఒక రోజు కూలి 5.3 కిలోల కాయలకు సమానం. 2014-15లో వేతనం రూ. 169, మద్దతు ధర రూ. 4,000 కాగా, కూలి 4.2 కిలోలకు సమానమైంది. 2024-25లో ఇవి వరుసగా రూ. 300, రూ. 6,783; కూలి విలువ 4.4 కిలోలు. ప్రకటిత రేట్ల ప్రకారం కూలి కంటే పంట ధరే ఎక్కువగా పెరిగింది.

అయినా భారం ఎందుకు?

కారణం దిగుబడిలో ఉన్నది. ఎకరాకు 20 కూలి దినాలు అవసరమని భావిస్తే, 2024-25 రేట్లలో ఆ కూలి విలువ సుమారు 88 కిలోల కాయలు. ఎకరాకు నాలుగు క్వింటాళ్లు పండితే ఇది దిగుబడిలో 22 శాతం. వర్షాభావం వల్ల రెండు క్వింటాళ్లకు తగ్గితే 44 శాతం. పైగా మద్దతు ధర కంటే తక్కువకు అమ్మిన రైతుకు, ఉపాధి హామీ వేతనం కంటే ఎక్కువ కూలి చెల్లించిన రైతుకు ఈ వాటా ఇంకా పెరుగుతుంది. కావున వర్షాధార సాగులో కూలి భారాన్ని తగ్గించే తొలి మార్గం దిగుబడిని నిలబెట్టడమే.

కూలీ పక్షాన లెక్క వేరు. అతని కొనుగోలు శక్తిని వేరుశనగతో గాక, ఆహారం, ఇంధనం, దుస్తులు మొదలైనవాటి ధరలతో రూపొందించిన వ్యవసాయ కూలీల వినియోగదారుల ధరల సూచీతో కొలవాలి.

పాత రికార్డుల వినియోగంలో జాగ్రత్తలు

1957 ఏప్రిల్ 1కి ముందు రూపాయికి 16 అణాలు. కావున ఆరణాల కూలి అంటే 37.5 నయాపైసలు. పడి, మానిక వంటి కొలతలు ప్రాంతాన్నిబట్టి మారేవి గనుక స్థానిక పరిమాణాన్ని నిర్ధారించుకొన్న తరువాతే కిలోలలోకి మార్చాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినందున, అంతకు ముందరి చిత్తూరు జిల్లా సగటును నేటి జిల్లా సగటుతో నేరుగా పోల్చరాదు. మండలాలవారీ గణాంకాలను తీసుకోవాలి.

విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు గ్రామ సర్వేలలో కూలి రేటుతోపాటు అదే వారంలో రైతు పొందిన ధరను, ఎకరా దిగుబడిని, వినియోగించిన కూలి దినాలను నమోదు చేయాలి. ఈ నాలుగు అంశాలు కలిసి ఉన్నప్పుడే రైతు భారం ధర వల్ల వచ్చిందా, కూలి వల్ల వచ్చిందా, దిగుబడి తగ్గుదల వల్ల వచ్చిందా అన్నది తేలుతుంది. తగిన సిఫార్సు చేయడం సాధ్యమవుతుంది.