చెవులు పట్టి ఎత్తితే నడుం విరుగుతుంది
కుందేలు పిల్లలను మచ్చిక చేసే తీరు

బోధన్ : 2015 డిసెంబరులో శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడిన తర్వాత చెరకునే నమ్ముకున్న మన పల్లెల సంగతి మీకు చెప్పనక్కరలేదు. ఎకరం, అరెకరం ఉన్నవారు పెరట్లో ఏదో ఒక ఆదాయం చూసుకోక తప్పదు. కుందేళ్లకు తక్కువ జాగా చాలు. చూడి కాలం నెల రోజులే, ఈతకు ఆరు నుంచి ఎనిమిది పిల్లలు. మాంసం ఎవరు కొంటారో ముందే మాట్లాడుకుని దిగితే లెక్క బాగానే ఉంటుంది. అయితే బోనుకు, మేతకు ఖర్చు పెట్టిన రైతు పిల్లను పట్టుకోవడం మాత్రం నేర్చుకోడు. నష్టం అక్కడ మొదలవుతుంది.

కుందేలు వెనక కాళ్లకు బలం ఎక్కువ, ఎముకలు తేలిక. బెదిరి గాలిలో తన్నుకుంటే తన తన్నుకు తన నడుమే విరుగుతుంది. చెవులు పట్టి వేలాడదీసినా, వెనక భాగానికి ఆసరా లేకున్నా ఇదే జరుగుతుంది. వెనక కాళ్లు ఈడ్చే పిల్ల మళ్లీ కోలుకోవడం కష్టం.

ఎట్లా పట్టుకోవాలి?

ఒక చేత్తో భుజాల మీది వదులు చర్మాన్ని మెత్తగా పట్టి, వెంటనే రెండో అరచెయ్యి పిర్రల కింద పెట్టాలి. బరువంతా కింది చేతి మీదే ఉండాలి. ఎత్తగానే ఒంటికి ఆనించుకుని తలను చంకలోకి దూర్చండి. కళ్లకు చీకటైతే నిమ్మళిస్తుంది. బోనులో వదిలేటప్పుడు వెనక కాళ్లు ముందు లోపలికి పోవాలి, లేకుంటే ఒక్కసారే దుంకుతుంది. గోళ్లు వాడి కాబట్టి నిండు చేతుల అంగీ వేసుకోవాలి. పిల్లగాళ్లు ముచ్చట పడితే నేల మీద కూర్చోబెట్టి ఒళ్లో ఇవ్వండి, నిలబడి ఎత్తుకోనివ్వద్దు.

పుట్టిన పిల్లలకు బొచ్చు ఉండదు, కళ్లు పది పన్నెండు రోజులకు తెరుస్తాయి. అప్పటిదాకా రోజుకొకసారి తల్లిని పక్కకు తీసి, గూటి గడ్డిని చేతులకు రుద్దుకుని, చచ్చిన పిల్ల ఉంటే తీసేస్తే చాలు. తల్లి పాలివ్వడం లేదని పరేషాన్ కావద్దు. అది రోజుకు ఒకటి రెండుసార్లే, కొద్ది నిమిషాలే ఇస్తుంది. పొట్టలు గుండ్రంగా ఉన్నాయంటే పాలు అందుతున్నట్టే.

మూడు వారాలకు పిల్లలు పెట్టె దాటి వస్తాయి. మచ్చిక అప్పుడు మొదలు పెట్టాలి. నాలుగు లూసర్న్ రెమ్మలు పట్టుకుని చెయ్యిని బోనులో ఊరకే ఉంచండి. పైనుంచి చెయ్యి దించితే గద్ద వాలినట్టు బెదురుతాయి, పక్క నుంచి రావాలి. రోజూ ఒకే మనిషి, ఒకే వేళ, ఐదు నిమిషాలు. వాసన చూసి దగ్గరికి వచ్చినంకనే వీపు నిమరాలి. తొందరపడి తరిమి పట్టుకుంటే వారం కష్టం వృథా. అదే సమయంలో చెవులు, ముక్కు చూడండి. తెల్లటి పొక్కులు కడితే గజ్జి. ఆ పిల్లను వేరు చేసి పశువుల డాక్టరుకు చూపించాలి. మనకూ అంటుతుంది, చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

ఎండాకాలం నిజామాబాద్ వేడి సంగతి తెలిసిందే. మధ్యాహ్నం వాటిని కదిలించవద్దు. తెల్లవారి గాని పొద్దుగూకినంక గాని పట్టుకోండి. బోను చుట్టూ తడి గోనె పట్టాలు కట్టాలి.

ఇంకో మాట. చెరకు నరికేటప్పుడు దొరికిన చెవులపిల్లి పిల్లను తెచ్చి వీటిలో కలపాలని చూడకండి. అది వేరే జాతి, పెంపుడు కుందేలుతో కలిసి ఈనదు. పట్టుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం కూడా. పగలు తల్లి పక్కన లేనంత మాత్రాన అది దిక్కులేనిది కాదు. నరికే చోటు నుంచి కొంచెం పక్కకు, గడ్డిలో వదిలి వచ్చేయండి.