పాత నోటు పుస్తకాలతో గోడ బొమ్మలు.. గవ్వల చెక్కే అచ్చు

ఏప్రిల్‌లో పరీక్షలు అయిపోగానే ప్రతి ఇంట్లో ఒక గోనెసంచి నిండుతుంది. రాసేసిన నోటు పుస్తకాలు, ట్యూషన్ జిరాక్సులు, చిత్తు కాగితాలు. పాత పేపర్ల బండివాడు వస్తే తూకానికి ఇచ్చేస్తాం. అందులో ఒక్క పుస్తకం పక్కన పెట్టుకున్నా చాలు, రంజాన్‌కి గోడ మీద పెట్టుకునే నెలవంకలు, నక్షత్రాలు పది పన్నెండు ఇంట్లోనే చేసుకోవచ్చు. దీన్నే పేపర్ కాస్టింగ్ అంటున్నారు. అంటే కాగితాన్ని గుజ్జు చేసి, అచ్చులో నొక్కి, ఆరాక తీయడం. అంతే.

పేరు కొత్తదే గానీ పని మనకి కొత్త కాదు. శ్రీకాకుళం, విజయనగరం వైపు పెద్దవాళ్లను కదిపి చూడండి. "ఓసి, ఇదేటి కొత్త? పాత కాయితాలు నానబెట్టి, మెంతులేసి రోట్లో రుబ్బి, బోర్లించిన బిందె మీద మెత్తితే బుట్ట అయిపోద్ది" అంటారు. చేటల కంతలు పూడ్చడానికీ ఆ గుజ్జునే అలికేవారు. మెంతిపిండి జిగురు కాగితాన్ని పట్టి ఉంచుతుంది, దాని చేదుకి పురుగు కూడా తొందరగా రాదని నమ్మకం. ప్లాస్టిక్ బుట్టలు వచ్చాక ఈ పని వెనకబడిపోయింది.

దూరంగా కశ్మీర్‌లో మాత్రం ఇదే పని పెద్ద కళగా నిలిచింది. అక్కడ దీనికి ఇద్దరు పనివాళ్లు. వ్యర్థ కాగితాన్ని రోజుల తరబడి నానబెట్టి, రాతి రోట్లో దంచి, బియ్యపు గంజి కలిపి అచ్చు మీద ఆకారం తెచ్చేవాడు సఖ్త్‌సాజ్. దాని మీద పువ్వులు, లతలు గీసేవాడు నక్కాష్. ఒకప్పుడు ఈ విద్యను కార్-ఎ-కలందాన్ అనేవారు, కలాలు పెట్టుకునే పెట్టెల పని అని. మన 'కాగితం', ఉర్దూ 'కాగజ్' కూడా ఒక్క మాటే కదా.

కశ్మీర్ పనిలోనూ, మన బుట్టలోనూ గుజ్జు అచ్చు పైన మెత్తుతారు. కాస్టింగ్‌లో అచ్చు లోపల నొక్కుతాం. అందుకే అచ్చులో ఉన్న గీతలన్నీ బొమ్మ మీదికి వస్తాయి.

అచ్చు కోసం బజారుకి పరుగెత్తక్కర్లేదు. గవ్వలు చేసే చెక్క చూడండి, ఎంత చక్కటి గీతలుంటాయో. కోవా బిళ్లల అచ్చు, సబ్బులు చేసే సిలికాన్ అచ్చు, అన్నీ పనికొస్తాయి. మా జిల్లాకి బుడితి ఇత్తడి పేరు తెచ్చింది కాబట్టి నగిషీ చెక్కిన పళ్లెం మీద నొక్కాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ తడి గుజ్జు రోజుల తరబడి ఉంటే ఇత్తడి మీద మరక పడొచ్చు, మంచి పళ్లెం జోలికి పోకండి. సొంత అచ్చు కావాలంటే పిల్లలు ఆడుకునే నూనె మట్టిని చపాతీలా పరిచి పుల్లతో చెక్కుకోవచ్చు. మామూలు బంకమట్టి అయితే గుజ్జు తడికి కరిగిపోతుంది, కుమ్మరి ఆవంలో కాల్పించుకోవాలి. ఉర్దూలో గానీ తెలుగులో గానీ పేరు చెక్కుతున్నారా? అద్దంలో చూసినట్టు తిరగేసి చెక్కాలి. నేను మొదటిసారి మర్చిపోయాను. బొమ్మ చక్కగా వచ్చింది, చదవడానికే అద్దం తెచ్చుకోవాల్సి వచ్చింది.

ఇక కాగితం సంగతి. నోటు పుస్తకం కాగితం, జిరాక్సు కాగితం మంచివి, తెల్లగా గట్టిగా వస్తాయి. న్యూస్‌పేపర్ గుజ్జు బూడిద రంగులో ఉంటుంది, ఎండ తగిలితే పసుపెక్కుతుంది, రంగు వేసేటట్టయితేనే వాడండి. నున్నటి క్యాలెండర్ కాగితం సరిగ్గా నలగదు. షాపు బిల్లుల కాగితం మీద రసాయనం పూత ఉంటుంది, అది వద్దు. పాత ఆధార్ జిరాక్సులు, బ్యాంకు కాగితాలు మాత్రం నిశ్చింతగా వేయండి. వాటిని పారేయడం కన్నా గుజ్జు చేయడమే క్షేమం.

ఒకటి మాత్రం జాగ్రత్త. ఉర్దూ పత్రికల్లో, పెళ్లి కార్డుల్లో, మసీదు క్యాలెండర్లలో బిస్మిల్లా, ఆయత్‌లు, అల్లాహ్ పేరు ఉంటాయి. వాటిని మిక్సీలో వేయకండి. ముందే ఏరి పక్కన పెట్టండి. చాలా మసీదుల్లో ఇలాంటి కాగితాలకి ఒక డబ్బా ఉంటుంది, లేకపోతే ఇమాం సాబ్‌ని అడగండి, శుభ్రమైన చోట పాతిపెట్టే పద్ధతి ఆయన చెబుతారు. పక్కింటివాళ్లు ఇచ్చిన పెళ్లి కార్డుల మీద దేవుళ్ల బొమ్మలు ఉంటే అవి కూడా వాళ్లకే ఇచ్చేయడం మర్యాద. కాగితానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే అలవాటు మన రెండిళ్లలోనూ ఉన్నదే. ఈ ఏరే పనికే ఎక్కువ టైం పడుతుంది. పిల్లల్ని కూర్చోబెట్టండి.

అరచేతంత బొమ్మకి రెండు మూడు ఏ4 కాగితాలు చాలు. పిన్నులు తీసేసి, బొటనవేలి గోరంత ముక్కలు చింపి, రాత్రంతా నీళ్లలో వదిలేయండి. పొద్దున్న మిక్సీలో గుప్పెడు ముక్కలకి ముప్పావు జార్ నీళ్లు. ఆపి ఆపి తిప్పండి, ఒకే ఊపున తిప్పితే మోటారు వేడెక్కుతుంది. వంట జార్ వద్దు, పాతది ఒకటి ఈ పనికే ఉంచుకోండి. గుజ్జు పలచటి పెరుగులా అయ్యాక టీ జల్లెడలో వంచి, నానబెట్టిన మెంతుల ముద్ద గానీ మైదా గంజి గానీ ఒక చెంచా కలపండి. అచ్చుకి కొబ్బరినూనె పల్చగా రాసి, గుజ్జు కొద్దికొద్దిగా పెట్టి వేళ్లతో మూలలకి నొక్కండి. తర్వాత స్పాంజితో అద్ది, పిండి, మళ్లీ అద్ది.. నీరంతా లాగేయాలి. ఇక్కడ ఓపిక పడితేనే గీతలు పదునుగా వస్తాయి. నిజానికి పట్టు ఇచ్చేది జిగురు ఒక్కటే కాదు. నీరు పోతూ ఉంటే కాగితం పీచులు ఒకదాన్నొకటి కరుచుకుంటాయి.

పూర్తిగా ఆరేదాకా అచ్చులోంచి తీయొద్దు. తొందరపడితే వంకర పోతుంది. ఎండాకాలంలో ఒకటి రెండు రోజులు. మన సముద్రగాలికి వానాకాలంలో నాలుగు రోజులైనా తడి పోదు, బూజు పట్టేస్తుంది. అక్టోబర్ తుఫాన్ల రోజుల్లో అసలు మొదలెట్టకండి. అట్టల పనివాళ్లు గంజిలో కలిపే మైలుతుత్తం బూజుని ఆపుతుంది గానీ అది విషం, పిల్లలున్న ఇంట్లో వద్దు.

దీంతో సంపాదించొచ్చా అని అక్కలు అడుగుతున్నారు. నా లెక్కకి రోజు కూలీ అంత రాదు. బొమ్మకి పని గంటే, ఆరడానికే రెండ్రోజులు, పైగా అచ్చులు కొన్నే ఉంటాయి. ఈద్ ముందు ముబారక్ కార్డుల మీద చిన్న నెలవంక అతికించి అమ్మితే ఖర్చులకి వస్తాయి. ఈ ప్రాంతం గుర్తుగా బొబ్బిలి వీణ ఆకారం పలకలు చేస్తే కొనేవాళ్లు దొరకొచ్చు. గొల్లపల్లిలో పనస కర్రతో చెక్కే అసలు వీణకి ఇది నీడ కూడా కాదనుకోండి. బొమ్మకి సున్నం వేసినట్టు ఒక పూత తెల్లరంగు వేసి, ఆరాక రంగులద్దితే నీట్‌గా ఉంటుంది.

మిగిలిన గుజ్జు నీళ్లు సింకులో పోయకండి, గొట్టం పూడుకుపోతుంది. వడగట్టి, ఆ నీళ్లు పెరట్లో పారబోయండి. గుజ్జుని నిమ్మకాయంత ఉండలు చేసి ఎండబెట్టి డబ్బాలో దాచుకుంటే, మళ్లీ కావాల్సినప్పుడు రాత్రి నానబెట్టుకోవడమే.