కుందనపల్లి మీదికి ఎగిరే బూడిద

ఎండాకాలం గాలిదుమారం లేస్తే రామగుండం దగ్గరి కుందనపల్లిలో ఆరేసిన బట్టల మీదా, ఇంటి ముందు నీళ్ల గోలెంలోనూ బూడిదే. అది అక్కడి ఎన్టీపీసీ బొగ్గు విద్యుత్ కేంద్రం బూడిద చెరువుది. 1983లో 200 మెగావాట్ల యూనిట్‌తో మొదలై 2,600 మెగావాట్లకు పెరిగిన ఈ కేంద్రం కరెంటు తమిళనాడు, కర్ణాటక, కేరళ దాకా పోతుంది. బూడిదలో లారీలెక్కి పోయింది పోగా మిగిలిందంతా ఇక్కడే.

మన బొగ్గులో దాదాపు మూడోవంతు బూడిదే. కొలిమి వేడికి బొగ్గులోని ఖనిజాలు కరిగి, పొగతో ఎగురుతూనే చల్లబడి, సన్నటి గాజుపూసలుగా గట్టిపడతాయి. చిమ్నీకి ముందుండే ఈఎస్‌పీ (ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్) యంత్రాలు వాటిలో 99 శాతానికి పైగా పట్టేస్తాయి. పట్టిన బూడిదను చెరువుకు పంపాలంటే నీళ్లలో కలిపి పైపుల్లో వదులుతారు. తడి ఉన్నన్నాళ్లూ అది కదలదు. ఏప్రిల్, మేలలో పైపొర ఎండిందా, ఇక పట్టి ఉంచేదేమీ లేదు. చేను మన్నుకుండే బంక దీనికి లేదు, గడ్డివేరు లేదు. 2.5 మైక్రాన్లకన్నా సన్నటి రేణువులైతే ఊపిరితిత్తుల చివరి గదుల దాకా పోతాయి.

ఇదే కేంద్రం రిజర్వాయరు మీద, 500 ఎకరాల్లో, 423 కోట్ల రూపాయలతో కట్టిన 100 మెగావాట్ల తేలే సోలార్ ప్లాంటు 2022 జులై 1 నుంచి పూర్తిగా నడుస్తోంది. ఏటా 1.65 లక్షల టన్నుల బొగ్గు ఆదా అని లెక్క. అంటే సుమారు 50 వేల టన్నుల బూడిద తగ్గినట్టే. మంచి పనే. కానీ 2,600 పక్కన 100 ఎంత? పైగా ఇప్పటికే పేరుకున్న బూడిదను సోలార్ పలకలు ఏం చేయగలవు!

దానికి దారి 2021 డిసెంబరు 31 నాటి కేంద్ర ప్రభుత్వ నోటిఫికేషన్‌లో ఉంది. ఇటుకలకు, సిమెంటుకు, రోడ్లకు, పాత గనులు పూడ్చడానికి బూడిదనంతా వాడాలి. గోదావరిఖని నుంచి గోదావరి అవతల మంచిర్యాల, బెల్లంపల్లి దాకా సింగరేణి తవ్విన గుంతలకు కొదవలేదు. అయితే బూడిదలోని ఆర్సెనిక్, క్రోమియం నీళ్లలోకి దిగే ప్రమాదముంది గనుక చుట్టుపక్కల బోర్ల నీళ్లను పరీక్షిస్తూనే పూడ్చాలి.

వాడని బూడిదకు టన్నుకు 1,000 రూపాయల పరిహారం కూడా పెట్టారు. అది జమయ్యేది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఖాతాలో, కుందనపల్లిలో కాదు. నిండిన చెరువులను చెట్లతో కప్పమనీ అదే నోటిఫికేషన్ చెబుతోంది. బూడిదలో నత్రజని దాదాపు ఉండదు కాబట్టి పైన మన్ను పరిచి, గాలిలోని నత్రజనిని వేళ్లలో పట్టుకునే కానుగ, సర్కారు తుమ్మ లాంటివి పెట్టాలి. అవి వేళ్లూనేదాకా ఎండాకాలమంతా నీళ్లు చల్లుతుండాలి.